ఈశ్వరి గట్టు

రేకు సిమెంటు మీద గీరుకున్న చప్పుడుకి సోములు పళ్లు జిల్లుమన్నాయి. చేతిలోని పడవ ఇంజిను మూతని బల్ల మీద పెట్టి, గోనెగుడ్డకి చేతులు తుడుచుకుంటూ షెడ్డు బయటికి వచ్చాడు.

ఎర్రకారు, రోడ్డుకి అడ్డంగా స్పీడు బ్రేకరులా పోసిన సిమెంటు గట్టు దాటి నాలుగడుగులు పోయి ఆగిపోయింది. గట్టు మీద తెల్లటి గీరు పడింది. అక్కణ్ణుంచి కారు కిందిదాకా నల్లగా ఆయిలు. అది ఎండకి మెరుస్తూ, రోడ్డు వాలు పట్టుకుని చేపలమ్మే దాలమ్మ కూర్చున్నవైపు పాకుతోంది. దాలమ్మ కవళ్ల చేపల తట్టని గబుక్కున వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో, పొట్ట సిరిగిపోనాదర్రా దీనికి!" అంది.

కారు మురళీమోహన్‌ది. భావనపాడు బీచి పక్కన రిసార్టు కట్టిస్తున్నాడు. ఎక్కడో విదేశంలో పందేలలో తిరిగే కారుకి ఇది నకలు. లోపల పాత కారు ఇంజిను, పైన ఫైబర్ తొడుగు. విశాఖపట్నంలో ఎవరి చేతో కట్టించుకున్నాడు. పక్కన మనిషి నిలబడితే నడుం దాకా కూడా రాదు. పల్లిపేట మగవాళ్లు దాన్ని మొదటిసారి చూసినప్పుడు వేలితో తట్టి చూసి, "ఇదీ మన ఫైబరు తెప్పా అప్పాసెల్లెళ్లురా. అది నీటి మీద తేల్తాది, ఇది నేల మీద పాకుతాది" అని నవ్వుకున్నారు.

రోజూ ఆ కారు గట్టు దగ్గరికి రాగానే ఆగేది. డ్రైవరు నరేష్ దిగి, సీటు వెనకనుంచి నాలుగు చెక్కలు తీసి గట్టుకి ఇటు రెండు, అటు రెండు పరిచేవాడు. చక్రాలు చెక్కలెక్కితే కారు కాస్త లేచి, పొట్ట తగలకుండా పాములా జారిపోయేది. లారీలు, ఐసువ్యాన్లు గట్టుని లెక్కచేయవు. ఓ గెంతు గెంతి పోతాయి. ఆగేది ఈ ఒక్క కారే. అది ఆగితే దాని వెనకవీ ఆగేవి. సముద్రం వైపునుంచి తట్టలతో వచ్చే ఆడవాళ్లు అప్పుడు రోడ్డు దాటేవారు. "ఎర్రోడు ఆగినాడర్రా, దాటండి!" అని ముసలి అసిరమ్మ అందరికంటే ముందు అడుగేసేది.

ఈవేళ మురళీమోహనే తోలుతున్నాడు. చెవి దగ్గర ఫోను. చెక్కల కోసం ఆగలేదు.

అతను దిగి ముందు ఆయిలు చూశాడు, తర్వాత తన తెల్లబూట్లు చూసుకున్నాడు, తర్వాత గట్టుని చూశాడు.

"ఎవడ్రా రోడ్డుకి అడ్డంగా ఇది వేసింది? ఎవడిచ్చాడు పర్మిషను?"

"మా అప్ప ఇచ్చినాది బాబూ" అంది దాలమ్మ, చేపల మీద ఈగలు తోలుతూ.

నరేష్ దగ్గరికి వెళ్లి తగ్గు గొంతుతో చెప్పాడు. "అప్పంటే అక్క బాబూ. ఈశ్వరమ్మనీసి, ఆవిడ అప్ప. ఇక్కడే... తట్టెట్టుకుని దాటతంటే ఐసువ్యాను కొట్టేసినాది. రెండేళ్లయినాది. అదిగో, ఆ వెల్డింగు మావ భార్య."

మురళీమోహన్ సోములు వైపు చూశాడు. సోములు అతని వైపు చూడలేదు. రోడ్డు మీద గోనెపట్టా వేసుకుని, వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. కిందికి పోవడానికి చోటు చాలక తల పక్కకి తిప్పాల్సి వచ్చింది. ఇంజిను అడుగున ఆయిలు నిలిచే చాంబర్ ముందు అంచు చిరిగి, పెదవి తెరిచినట్టు ఉంది. మిగతా ఇనుమంతా దానికంటే జానెడు పైన ఉంది. చాంబర్ ఒక్కటే ఎండిన ఆవు పొదుగులా కిందికి వేలాడుతోంది. దానికీ రోడ్డుకీ మధ్య చెయ్యి నిలువుగా పెట్టి చూశాడు. నాలుగు వేళ్లు. బయటికి వచ్చి గట్టు పక్కన చెయ్యి పెట్టి చూశాడు. అయిదు వేళ్లు.

"ఒక్క వేలు బాబూ" అన్నాడు.

"ఒక్క వేలో, ఒక్క మైలో! ఆదివారం నాకు గెస్టులొస్తున్నారు. ఈ కారు గేటు ముందు ఉండాలి." మురళీమోహన్ మాట కటువుగానే మొదలై సగంలో మెత్తబడింది. "చూడు పెద్దాయనా, జరిగిందానికి నాకూ బాధే. కానీ సోమవారం ఈ రోడ్డు మీద తారేస్తున్నారు. చేసేది మా బావమరిదే. గట్టు తీసేసి వేయమంటాను. మీకు కావాలంటే అక్కడ బోర్డు పెట్టిస్తాను, ఆవిడ పేరు రాయించి."

దాలమ్మ ఈగలు తోలడం మానేసింది.

సోములు గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. లోపల ఉన్నది అతని పాత తెప్ప లంగరు తాడు. పెద్దకర్మ నాడు దాన్ని కత్తితో రెండు తెంపులు చేసి, ఒక తెంపు రోడ్డుకి అడ్డంగా పరిచి, ఊరంతా కలిసి పైన సిమెంటు పోశారు. ఆటోవాళ్లు "ఈశ్వరి కాడ దిగుతారేటి?" అని అడుగుతారు. వేట నిషేధం అయిపోయి తెప్పలు మళ్లీ సముద్రంలోకి దిగే రోజున ఆడవాళ్లు తెప్పలకి కొట్టినట్టే గట్టుకీ ఒక కొబ్బరికాయ కొడతారు.

"గట్టు తియ్యక్కర్లేదు బాబూ" అన్నాడు సోములు. "బండినే లేపితే?"

"ఏంటి లేపడం?"

"ఆయిలు సాంబరు అడుగు కోసేసి, మూడు వేళ్లు పైకి తెస్తాను. అప్పుడు గట్టు తగల్దు. తగలకపోతే తియ్యక్కర్లేదు కదా."

మురళీమోహన్ నరేష్ వైపు చూశాడు. "మావ పడవ ఇంజిన్లకి సేస్తాడు బాబూ. ఉప్పు తినేసిన సాంబర్లన్నీ ఈయన సేతి మీదే బతుకుతన్నాయి" అన్నాడు నరేష్.

"శనివారానికి అవుతుందా?"

"అవుతాది."

"తగలకపోతే గట్టు ఉంటుంది. మాటంటే మాటే. ఎంత తీసుకుంటావు?"

"గట్టు ఉంటే సాలు."

*

కారుని పదిమంది తోసి షెడ్డు ముందుకి తెచ్చారు. కింద దూరడానికి గొయ్యి లేదు. తెప్పలని ఒడ్డుకి లాగేటప్పుడు వేసే తాటిదుంగలు తెచ్చి, జాకీతో ఎత్తి, చక్రాల కింద పేర్చారు. దుంగల మీద ఎక్కించాక ఎర్రకారు ఇంకో పాత తెప్పలాగే కనపడింది. దారిన పోయేవాళ్లు ఆగి, "ఎప్పుడు దింపుతావు మావా సముద్రంలోకి?" అని అడిగిపోయారు. సోములు నవ్వలేదు. పద్దెనిమిది బోల్టులు విప్పి కొబ్బరిచిప్పలో వేశాడు. నరేష్ కింద చేతులు పట్టి చాంబర్ దింపుకున్నాడు.

బల్ల మీద బోర్లించి కిరోసిన్‌తో కడిగితే పాత గీతలన్నీ బయటపడ్డాయి. నరేష్ ఒక్కొక్కటే వేలితో చూపించాడు. "ఇది నౌపడ రైలుగేటు. ఇది టెక్కలి బస్టాండు ఎనకాల సందు. ఇది మాత్రం బాబుగోరి ఇంటి గేటే, పాలిష్ రాయి." అన్నిటికంటే లోతైనది ఈశ్వరి గట్టుది. సోములు బొటనవేలు దాని మీద కాసేపు ఉంచాడు.

గురువారం పొద్దున్నంతా కొలతకే పోయింది. ముందు చాంబర్‌లో చెంబుతో నీళ్లు పోసి ఎన్ని చెంబులు పట్టాయో చూశాడు. తర్వాత అడుగునుంచి మూడు వేళ్లు పైకి సుద్దతో గీత గీసి, ఆ గీత దాకా ఎన్ని పడతాయో చూశాడు. తగ్గిన నీళ్లని వేరే బకెట్లో ఉంచాడు.

"ఆ నీళ్లెందుకు మావా దాసినావు?"

"పొట్ట కోస్తే పోయిన ఆయిలికి సోటు సూపించాల కదరా. అడుగున తీసింది పక్కలకి పెట్టాల."

రెండు పక్కలా రెండు జేబుల్లా రేకుపెట్టెలు అతికించాలి. బకెట్లో నీళ్లు ఆ రెంటిలో పట్టాలి. పాత డ్రమ్ము రేకు తెచ్చి, అట్టముక్క మీద గీసి, కత్తిరించి, మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. హ్యాక్సాతో అడుగు కోసేటప్పుడు గ్రైండరు వద్దన్నాడు. గ్రైండరు తొందర మనిషి, రేకుని వేడెక్కించి వంకర చేస్తుంది. రంపాన్ని ఉమ్ముతో తడిపి, కూర్చుని, పొద్దు వాలేదాకా కోశాడు. కోసిన అడుగు ముక్క చేతిలోకి ఊడి వచ్చింది. గీతలన్నీ దానితోనే వచ్చేశాయి. దాన్ని విసిరెయ్యకుండా గోడకి మేకు కొట్టి తగిలించాడు.

దాలమ్మ చేపలమ్మి, అన్నం క్యారేజీ తెచ్చి గడప మీద పెట్టింది. అప్ప పోయిన దగ్గర్నుంచి రోజూ తెస్తోంది.

"ఏటి బావా, ఆళ్ల కారుకి నీ కళ్లు పోగొట్టుకుంటన్నావు?"

"కూకో."

"కూకుంటే సెప్తావేటి? మా అప్ప ముప్పయ్యేళ్లు కూకుంది, ఎన్ని మాటలు ఇన్నాదో దానికే తెలుసు."

సోములు మంట తగ్గించి కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. "గట్టు ఉంటాది" అన్నాడు.

దాలమ్మ క్యారేజీ విప్పడం ఆపింది. "నిజంగానే ఉంటాదా?"

"ఉంటాది."

ఆమె గిన్నెలో చేపముక్కల్లో తోకవైపుది తీసి పక్కన పెట్టి, నడుంవైపు ముక్క అతని అన్నంలో వేసింది.

శుక్రవారం అతుకులు పూర్తయ్యాయి. ఆయిలు పీల్చే జల్లెడ గొట్టాన్ని కూడా మూడు వేళ్లు కోసి అతికించాడు. జల్లెడకీ అడుగుకీ మధ్య అగ్గిపెట్టె పడుకోబెట్టినంత సందు ఉండాలి. అగ్గిపెట్టె పెట్టి చూసి, తీసి, మళ్లీ పెట్టి చూశాడు. తర్వాత చాంబర్ లోపల ఒక అడ్డరేకు నిలబెట్టి అతికించసాగాడు.

"ఇదెందుకు?" అన్నాడు నరేష్.

"అడుగు సదునయిపోనాది కదా. గట్టిగా బ్రేకేస్తే ఆయిలంతా ముందుకి పరిగెడతాది. జల్లెడకి గాలి అందితే ఇంజిను పట్టేస్తాది. ఇది ఆపుతాది."

"బ్రేకెక్కడేస్తాం మావా ఇంక? గట్టు తగల్దు కదా!" అని నరేష్ నవ్వాడు.

సోములు అతుకు మీదే చూపు పెట్టి, కడ్డీ కరిగి రేకులోకి దిగడం చూస్తున్నాడు. ఆ మాట చెవిన పడింది. అంతవరకే.

కారుతుందో లేదో చూడ్డానికి సున్నం కావాలి. దాలమ్మ బొడ్డులోంచి సున్నపుకాయ తీసింది. "అంతా వాడేయకు బావా, నా ఆకుకి ఉండాల" అంటూనే తనే కూర్చుని, చూపుడువేలితో అతుకులన్నిటి మీదా బయటినుంచి సున్నం రాసింది. పసిపిల్లకి దిష్టిచుక్క పెట్టినంత నెమ్మదిగా రాసింది. ఆరాక లోపల కిరోసిన్ పోశారు. ఎక్కడ కారితే అక్కడ తెల్లసున్నం తడిసి నల్లబడుతుంది. ముగ్గురూ చుట్టూ కూర్చుని చూశారు. ఎడమ జేబు మూల దగ్గర ఆవగింజంత చుక్క పుట్టి, శనగగింజంత అయింది.

"ఏడుస్తన్నాది" అంది దాలమ్మ.

సోములు మళ్లీ అంటించాడు. ఆమె మళ్లీ రాసింది. శనివారం పొద్దున లేచి చూస్తే సున్నం ఎక్కడా మరక లేకుండా, ఆరిన ముగ్గులా తెల్లగా ఉంది.

*

ఆదివారం ఉదయం ఊరంతా గట్టు దగ్గరే ఉంది. సోములు చాంబర్ అడుగుకి గోటి మందాన తడిసున్నం పట్టించాడు. తగిలితే గట్టు మీద తెల్లమచ్చ పడుతుంది. మురళీమోహన్ చేతులు కట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు.

నరేష్ చెక్కలు పరవలేదు. మెల్లగా వచ్చాడు. ముందుచక్రాలు గట్టెక్కి దిగాయి. సోములు రోడ్డు మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి చూస్తున్నాడు. తెల్లటి అడుగు గట్టు మీదుగా, తగలకుండా, మధ్యలో రెండు వేళ్ల వెలుతురు వదిలి దాటిపోయింది. వెనకచక్రాలూ దిగాయి.

అసిరమ్మ వంగి గట్టుని అరచేత్తో తడిమి, చెయ్యి ఎత్తి అందరికీ చూపించింది. "సుక్క సున్నం నేదర్రా!"

ఈలలు వేశారు. ఎవరో సోములు భుజం మీద చరిచారు. మురళీమోహన్ అక్కడే నిలబడి బావమరిదికి ఫోను చేశాడు. "రేపు తారేసేటప్పుడు పల్లిపేట గట్టు జోలికి పోకండి. ఆ... ఉంచెయ్యండి. నేను మాటిచ్చాను." ఫోను జేబులో పెట్టుకుని, "చెయ్యి మంచిది పెద్దాయనా నీది. విశాఖపట్నంలో ఇంజినీర్లకి తట్టలేదు ఈ ముక్క" అన్నాడు. అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

నరేష్ నాలుగు చెక్కలూ తీసుకొచ్చి షెడ్డులో పడేశాడు. "నాకింక పనిలేదు మావా. పొయ్యిలో పెట్టుకో."

అందరూ వెళ్లాక సోములు కొలిమి బూడిద తెచ్చి గట్టు మీద పాత ఆయిలు మరకల మీద పోసి, కొబ్బరిపీచుతో రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. ఎండెక్కాక దాలమ్మ వచ్చి, తన చీరకొంగు తడిపి, మిగిలిన మరక తుడిచింది. తర్వాత ఇద్దరూ గట్టుకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. ఆవిడ రెండు తమలపాకులు తీసి, సున్నపుకాయ గీకి గీకి, మిగిలింది చెరిసగం రాసింది.

సోమ, మంగళవారాలు రోడ్డుపని జరిగింది. రోలరు గట్టు దాకా వచ్చి ఆగి, దాన్ని వదిలి అవతల మళ్లీ మొదలైంది. మాట నిలబడింది. కొత్త తారు నల్లగా, నున్నగా, సముద్రం దాకా పరిచినట్టుంది. పిల్లలు చెప్పులు విప్పి దాని మీద పరిగెత్తారు. బుధవారం తెల్లవారాక సోములు వెళ్లి గట్టు పక్కన చెయ్యి పెట్టి చూశాడు. నాలుగు వేళ్లే ఉంది. తారు ఒక వేలు మింగేసింది. పోనీలే అనుకున్నాడు. ఉంది కదా.

*

గురువారం వేట బాగా పడింది. పొద్దెక్కి తెప్పలొచ్చాయి. షెడ్డులో సోములు ఒక ఇంజిను మూతకి ప్యాకింగు కత్తిరిస్తున్నాడు. రోడ్డు అవతల ఆడవాళ్లు తట్టలెత్తుకుని నిలబడ్డారు. రెండు లారీలు పోయాయి, ఒక ఐసువ్యాను పోయింది. కొత్తరోడ్డు మీద వాటి చప్పుడు కూడా తగ్గింది. చక్రాల కింద గాలి ఉన్నట్టు పోతున్నాయి.

దూరంనుంచి ఎర్రకారు గొంతు వినిపించింది. దాని సైలెన్సరు మోత ఊరంతటికీ తెలుసు.

"ఎర్రోడొస్తన్నాడర్రా, దాటండి!" అంది అసిరమ్మ.

సోములు కత్తెర ఆగింది. లేచాడు. గడప దాకా వచ్చాడు. "అసిరమ్మా!" అని అరిచాడు. అంత గట్టిగా అతను రెండేళ్లలో అరవలేదు.

ముసలావిడ అప్పటికే తట్ట పట్టుకుని రోడ్డు మీద నాలుగడుగులు వేసింది. ఆగుతుందని కారు వైపు చూడనైనా లేదు. కారు గట్టు మీద చిన్న గెంతు గెంతి, అద్దం తట్ట అంచుని తాకి, పోయింది. తట్ట గిరగిరా తిరిగింది. కానాగంత చేపలు కొత్తతారు మీద వెండిలా చెల్లాచెదురయ్యాయి. అసిరమ్మ కూలబడిపోయింది. ఒక కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది.

బ్రేకు చాలా దూరంలో పడింది. నరేష్ దిగి పరిగెత్తుకొచ్చాడు. వెనక సీటు లేని కారది. పడుకోబెట్టడానికి చోటులేదు. ఆటో పిలిచారు. దాలమ్మ అసిరమ్మ తలని ఒళ్లో పెట్టుకుని, కొంగుతో ముఖం మీద చేపపొలుసులు తుడుస్తోంది.

"ఆగుతాదనుకున్నానే" అంది అసిరమ్మ. నొప్పి ఇంకా తెలియలేదు. ఆవిడ గొంతులో ఆశ్చర్యమే ఉంది. "రోజూ ఆగుతాది కదే. ఏటయినాది దానికీరోజు?"

ఆటో టెక్కలి ఆసుపత్రికి పోయింది.

నరేష్ గట్టు మీద కూలబడ్డాడు. సోములు కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. సగం తాగి, సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"ఒట్టు మావా, నాను సూడలేదు. కాలు బ్రేకు మీదకి పోనేదు. ఇదివరకు ఈశ్వరి కాడకొస్తే దానంతటదే పోయేది కాలు." లోటా పట్టుకుని సోములు ముఖంలోకి చూశాడు. తప్పు తోసెయ్యాలని కాదు, నిజంగా అర్థం కాకనే అడిగాడు. "తగల్దని నువ్వే కదా సెప్పినావు మావా?"

సోములు లోటా తీసుకుని లోపలికి వెళ్లాడు. గోడకి మేకు మీద కోసిన అడుగు ముక్క వేలాడుతోంది. గీతలన్నీ దాని మీద ఉన్నాయి.

సాయంత్రం దాలమ్మ ఆసుపత్రినుంచి వచ్చింది. తుంటి విరిగిందట. ఆపరేషను చేస్తారట. మురళీమోహన్ బాబు మనిషిని పంపాడట, ఖర్చంతా ఆయనదేనట. "నడుస్తాదంట. తట్ట మాత్రం ఎత్తకూడదంట జనమలో" అని చెప్పి గడప మీద కూర్చుంది. క్యారేజీ తేలేదు. సోములూ అడగలేదు.

"నిన్నెవులూ ఏటీ అనడంలేదు బావా. డ్రైవరుని తిడతన్నారు, కారుని తిడతన్నారు. నీ పనితనం గురించి మంచే అనుకుంటన్నారు ఇంకా."

సోములు నేలని చూస్తున్నాడు.

"నాకే తెలుస్తన్నాది" అంది దాలమ్మ. "సున్నం రాసినాను కదా, నా ఏలికి తెలుస్తన్నాది. ఆ కారొక్కటే మా అప్ప మాట ఇనేది. దాన్ని కూడా మనమిద్దరం కలిసి ఇనకుండా సేసినాం." ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "గట్టున్నాది. పేరున్నాది. ఏటి సేసుకోడానికి?"

సోములు లేచి షెడ్డు వెనక మూలకి వెళ్లాడు. చిల్లుపడిన డ్రమ్ము కింద చుట్టగా పెట్టిన తాడు బయటికి లాగాడు. లంగరు తాడు రెండో తెంపు. ఈశ్వరి ఉన్నప్పటి ఉప్పు ఇంకా దాని పోగుల్లో బూడిదరంగులో ఉంది. మణికట్టంత లావు. రెండు పేటలు పక్కపక్కన వేసి, పైన సిమెంటు పోస్తే నాలుగు వేళ్లు. చేత్తో పట్టి చూసుకున్నాడు. కారు పొట్టలోంచి మూడు వేళ్లు తను తీసేశాడు. ఒక వేలు తారు తినేసింది. గట్టు మిగిలింది నాలుగు, ఈ నాలుగూ కలిపితే ఎనిమిది. కారు ఏడు.

మళ్లీ ఒక్క వేలు.

*

శుక్రవారం సూర్యుడు లేచేసరికి తాడు గట్టు మీద పరిచి ఉంది. రెండో కొస దాలమ్మ పట్టుకుంది. ఎవరూ పిలవకుండానే ఊళ్లోని జగన్నాధం సిమెంటు బస్తా మోసుకొచ్చాడు. ఇంకెవరో ఇసుక తెచ్చారు. పోయినసారి ఇలాంటప్పుడు ఏడుపులున్నాయి. ఈసారి పార చప్పుడు తప్ప ఏమీ లేదు. సోములు చెక్కతాపీతో రెండు పక్కలా వాలు తీసి, నీళ్లు చల్లి, మళ్లీ తీశాడు. అంచుల దగ్గర అతని వేలిముద్రలు పడ్డాయి. చెరపలేదు.

సిమెంటు ఆరేదాకా తొక్కకూడదు. సోములు గోనెపట్టా తెచ్చుకుని గట్టు పక్కన రోడ్డు మీద కూర్చున్నాడు. లారీలు వచ్చి, ముసలాణ్ణి చూసి, తిట్టి, పక్క ఇసుకలోంచి చుట్టు తిరిగి పోయాయి. ఆటోవాళ్లు తిట్టలేదు.

ఎండ ముదిరాక సైలెన్సరు మోత వినిపించింది. సోములు లేవలేదు. ఎర్రకారు వచ్చి, పది బారల దూరంలో ఆగింది. ఇసుకలోకి దిగితే కూరుకుపోతుంది అది. తోలుతున్నది మురళీమోహనే. నరేష్ పక్కన లేడు. హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. తర్వాత దిగి వచ్చాడు. రాత్రి నిద్రపోయినవాడిలా లేడు.

పచ్చి సిమెంటుని చూశాడు. గొంతుక్కూర్చుని, దాని పక్కన చెయ్యి నిలువుగా పెట్టి చూశాడు. సోములు పెట్టినట్టే పెట్టాడు. వెనక్కి వెళ్లి, బట్టలు మాసిపోతాయని చూసుకోకుండా రోడ్డు మీద మోకాళ్లూని, కారు కింద చెయ్యి పెట్టి చూశాడు. తిరిగి వచ్చాడు.

"పెద్దాయనా, ఇది తగుల్తుంది కదా."

"తగుల్తాది బాబూ."

"నువ్వే కదా మూడు వేళ్లు లేపింది?"

"నానే."

"తీయించెయ్యమంటే రేపే తీయించేస్తారు. తెలుసు కదా నీకు?"

సోములు తల ఊపాడు. తెలుసు. తాడు కూడా ఇంక లేదు. ఉన్నదంతా ఇక్కడే ఉంది. చెయ్యి ఎత్తి షెడ్డు గోడ వైపు చూపించాడు. నాలుగు చెక్కలు దులిపి, వరసగా, గోడకి చేరవేసి ఉన్నాయి.

"మద్దేనానికి ఆరుతాది. అవి ఏసుకుని ఎల్లిపోండి" అన్నాడు.

మురళీమోహన్ చెక్కల వైపు చూశాడు. వాటి దగ్గరికి వెళ్లలేదు, కారు దగ్గరికీ వెళ్లలేదు. ఎండలో అక్కడే నిలబడ్డాడు. కారు వెనక ఐసువ్యాను ఒకటి వచ్చి ఆగింది. దాని వెనక ఇంకో లారీ ఆగింది. ఎవరూ హారను కొట్టలేదు.

అవతలివైపు తట్టలతో నిలబడ్డ ఆడవాళ్లు ఎర్రకారు వైపు చూశారు. కేక వేసే మనిషి ఈరోజు లేదు. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకావిడ తట్ట సర్దుకుని రోడ్డు మీద కాలు పెట్టింది. ఆవిడ వెనక ఇంకో ఆవిడ. ఒక్కొక్కరే దాటారు.

దాలమ్మ అందరికంటే వెనక వచ్చింది. పచ్చి సిమెంటు తొక్కకుండా, ఒక చేత్తో తట్ట, ఒక చేత్తో చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, నిద్రపోతున్న మనిషి పక్కనుంచి నడిచినట్టు నడిచిపోయింది.